చదివితే వచ్చేస్తుంది, రాస్తే రాదు: పదో తరగతి జీవశాస్త్రం సంగతి

పదో తరగతి పిల్లల్ని ఏ సబ్జెక్టంటే భయం అని అడిగితే లెక్కలంటారు, లేదా పీఎస్ (భౌతిక, రసాయన శాస్త్రాలు) అంటారు, హిందీ అనేవాళ్లూ ఉంటారు. ఎన్‌ఎస్, అంటే జీవశాస్త్రం, అని మాత్రం దాదాపు ఎవరూ అనరు. అందులో సూత్రాలు లేవు, లెక్కలు లేవు, చదువుకుంటే వచ్చేస్తుంది, పరీక్ష ముందు రెండ్రోజులు కూర్చుంటే చాలు అనే ధీమా పిల్లలకే కాదు, ఇంట్లో పెద్దవాళ్లకీ ఉంటుంది. తీరా మార్కులొచ్చాక చూస్తే లెక్కల్లో తొంభై దాటిన పిల్లకి కూడా జీవశాస్త్రంలో ఎక్కడెక్కడో మార్కులు జారిపోయి ఉంటాయి. ఎక్కడ పోయాయో తనకే అర్థం కాదు. అన్ని ప్రశ్నలూ రాసింది, అన్నీ తెలిసినవే వచ్చాయి కూడా.

ఆ 'అన్నీ తెలిసినవే' దగ్గరే ఉంది చిక్కంతా.

పుస్తకం తెరిచి గుండె పాఠం చదువుతుంటే ప్రతి వాక్యం తెలిసినట్టే ఉంటుంది, కర్ణికలు, జఠరికలు, కవాటాలు, అన్నీ ఇదివరకు విన్న మాటలే కదా. అయితే చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం వేరు. పెళ్లిలో ఎదురైన మనిషి ముఖం బాగా తెలుసు, పేరు మాత్రం ఎంత తన్నుకున్నా నోటికి రాదు, అలాంటిదే ఇది. లెక్కల్లో ఈ మోసం జరగదు, ఎందుకంటే లెక్క చేస్తేనే వచ్చినట్టు, చేయకపోతే రానట్టు, అక్కడికక్కడే తేలిపోతుంది. జీవశాస్త్రంలో రానిది రాదని చెప్పే ఏర్పాటు పుస్తకంలో లేదు. మనమే పెట్టుకోవాలి.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. చిన్న సైన్స్ వ్యాసం ఒకటి ఇచ్చి, కొందరిని నాలుగు విడతలూ చదవమన్నారు. ఇంకొందరిని ఒక్క విడత చదవనిచ్చి, మిగతా మూడు విడతల్లో వ్యాసం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి, వాళ్లకి 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 71 శాతమే. వారం తర్వాత పెడితే కథ తిరగబడింది. చదివినవాళ్లు 40 శాతానికి పడిపోయారు, రాసినవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. ఇంకో తమాషా ఏమిటంటే, వారం తర్వాత మీకు ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని ముందే అడిగినప్పుడు ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగుసార్లు చదివినవాళ్లే.

మన బడుల్లో రోజూ జరిగేది దీనికి దగ్గరగానే ఉంటుంది. పొద్దున స్టడీ అవర్‌లో చదివి మధ్యాహ్నం స్లిప్ టెస్ట్ రాస్తే పదికి తొమ్మిదొస్తాయి, అదే పాఠం మీద ప్రీ ఫైనల్లో పదికి ఐదొస్తాయి. పిల్లవాడు బద్ధకించాడనుకుంటాం. నిజానికి స్లిప్ టెస్ట్ కొలిచింది పొద్దుటి జ్ఞాపకాన్ని. పబ్లిక్ పరీక్ష అడిగేది నెలల తర్వాత మిగిలిన జ్ఞాపకాన్ని.

కాబట్టి మొదటి సలహా చాలా సాదాది, చాలామందికి నచ్చనిది కూడా. ఒక పేజీ చదివాక పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గుర్తున్నంత రాయండి, బొమ్మ ఉంటే బొమ్మ గీయండి, తర్వాత పుస్తకం తెరిచి మరిచిపోయినవి ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద నింపండి. మొదట్లో సగం కూడా రాదు, చిరాకేస్తుంది, నేను దద్దమ్మనేమో అనిపిస్తుంది. ఆ రాకపోవడమే పని జరుగుతోందనడానికి గుర్తు, ఆ ఎర్ర అక్షరాలే మీరు మళ్లీ చదవాల్సిన పాఠం, మిగతాది మళ్లీ చదవక్కర్లేదు. ఇక పసుపు రంగు హైలైటర్ సంగతి. చదువుకునే పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కూర్చి డన్లోస్కీ అనే ఆయన, ఆయన తోటివాళ్లూ 2013లో ఒక సమీక్ష రాశారు. అందులో తమని తాము పరీక్షించుకోవడానికీ, రోజుల ఎడం ఇచ్చి చదవడానికీ పెద్దపీట వేశారు, గీతలు గీయడాన్నీ మళ్లీ మళ్లీ చదవడాన్నీ అట్టడుగున పెట్టారు. పేజీ అంతా పసుపు పూసేస్తే ముఖ్యమైనదేదో కూడా తెలియదు, అది వేరే విషయం.

పద్ధతి ఇదే అయినా, జీవశాస్త్రంలో సరుకంతా ఒకే రకం కాదు. ఒక పాఠంలోనే పేర్లుంటాయి, వరసగా జరిగే ప్రక్రియలుంటాయి, బొమ్మలుంటాయి, ప్రయోగాలుంటాయి, తేడాలుంటాయి. అన్నిటినీ ఒకే తీరున బట్టీ పట్టబోవడం వల్లే ఎక్కువ నష్టం.

ప్రక్రియల సంగతి ముందు చూద్దాం, మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే. మూత్రం ఏర్పడే విధానం తీసుకోండి. గైడులో నాలుగు దశలుంటాయి: గుచ్ఛ గాలనం, వరణాత్మక పునఃశోషణ, నాళికా స్రావం, అతిగాఢత గల మూత్రం ఏర్పడటం. ఈ నాలుగు పేర్లూ కంఠతా పట్టి, ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు పట్టి, పరీక్షలో మూడోది రెండోదాని కింద రాసి వస్తారు. అలా కాకుండా ఒక ప్రశ్నతో మొదలుపెట్టి చూడండి. మన మూత్రపిండాలు రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి, కానీ మూత్రంగా బయటికొచ్చేది ఒకటి రెండు లీటర్లే. మిగతాదంతా ఎటు పోయింది? దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే నెఫ్రాన్ (మూత్రపిండంలో వడకట్టే సన్నని నాళం) అంతా దానికదే వచ్చేస్తుంది. రక్తకేశనాళికా గుచ్ఛంలో, అంటే నెఫ్రాన్ మొదట్లో ఉండే సన్నని రక్తనాళాల ముద్దలో, ఒత్తిడి వల్ల నీళ్లు, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, లవణాలు, యూరియా అన్నీ కిందికి దిగిపోతాయి, రక్తకణాలూ పెద్ద ప్రోటీన్లూ పట్టవు కాబట్టి రక్తంలోనే ఉండిపోతాయి. దిగిపోయినవాటిలో గ్లూకోజ్ లాంటి పనికొచ్చేవి పారేసుకోలేం, అందుకని నాళం పొడవునా వాటిని వెనక్కి లాక్కుంటుంది శరీరం. వడపోతలో తప్పించుకున్న కొన్ని వ్యర్థాల్ని నాళంలోకి విడిగా స్రవింపజేస్తుంది. ఒంట్లో నీళ్లు తక్కువున్నాయా ఎక్కువున్నాయా అన్నదాన్ని బట్టి చివర్లో నీటిని ఎంత వెనక్కి తీసుకోవాలో తేలుతుంది, దాని వెనక వాసోప్రెసిన్ అనే హార్మోన్ ఉంటుంది. ఇలా అర్థమైతే ఎండాకాలం మూత్రం ఎందుకు చిక్కగా వస్తుందో, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల మూత్రంలో గ్లూకోజ్ ఎందుకు కనిపిస్తుందో కూడా చెప్పగలరు. రెండోదానికి కారణం, రక్తంలో చక్కెర మరీ ఎక్కువైతే నాళం దాన్నంతా వెనక్కి లాక్కోలేకపోవడం.

ఇదే పాఠం మీద మెలిక ప్రశ్న ఒకటి తరచూ కనిపిస్తుంది: డయాలసిస్ యంత్రానికీ (పాడైన మూత్రపిండాల బదులు రక్తాన్ని శుభ్రం చేసేది) మూత్రపిండానికీ తేడా ఏమిటి? యంత్రంలో పునఃశోషణ ఉండదు. రక్తంలో ఉన్నంత గాఢతలోనే గ్లూకోజ్, లవణాలు బయటి ద్రవంలోనూ ఉంచుతారు కాబట్టి అవి పోవు, ఆ ద్రవంలో యూరియా లాంటి వ్యర్థాలు ఉండవు కాబట్టి అవి అటు వెళ్తాయి. నాలుగు దశలూ బట్టీ పట్టిన పిల్లలు ఇక్కడ తెల్లమొహం వేస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత విస్తారంగా ఉందో తెలుసు కదా, అక్కడి పిల్లల్లో చాలామందికి డయాలసిస్ అనే మాట పాఠంలో కంటే ముందు ఊళ్లోనే వినపడుతుంది. అలాంటి చోట ఈ పాఠాన్ని నాలుగు దశల జాబితాగా చెప్పి వదిలేయడం నాకు సబబుగా అనిపించదు.

ఇక బొమ్మలు. బొమ్మ గీయమని నేరుగా అడిగే ప్రశ్న దాదాపు ఖాయం కాబట్టి పిల్లలు వాటిని సాధన చేస్తూనే ఉంటారు, కానీ ఎలా? పుస్తకం పక్కన పెట్టుకుని చూసి గీస్తారు. పదిసార్లు చూసి గీసినా పరీక్ష హాల్లో చూడటానికి ఏమీ ఉండదు. ఒక్కసారి చూసి, మూసి, గీసి, తప్పులు దిద్దుకోవడం దానికంటే ఎంతో నయం. గుండె బొమ్మలో ఎక్కువమంది తడబడేది కుడి ఎడమల దగ్గర. పుస్తకంలో గుండె మనకి ఎదురుగా నిలబడ్డ మనిషిది, అందుకని ఆ మనిషి ఎడమ జఠరిక కాగితం మీద మనకి కుడి పక్కన వస్తుంది. ఈ ఒక్క ముక్క మొదటిరోజే చెప్పుకుంటే సగం గందరగోళం పోతుంది. గీసేటప్పుడు కూడా ముందు గుండె బయటి ఆకారం, తర్వాత మధ్య గోడ, తర్వాత కవాటాలు, చివర్లో నాళాలు అని ఒక వరస పెట్టుకోండి. ఎడమ జఠరిక గోడ మందంగా గీయాలి, ఎందుకంటే అది రక్తాన్ని ఒళ్లంతటికీ తోయాలి, కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు. బొమ్మలో ఆ మందం చూపించినవాళ్లకి విషయం తెలుసని దిద్దేవాళ్లకి ఇట్టే తెలుస్తుంది.

గుండెకీ ఊపిరితిత్తులకీ మధ్య ఉండే పుపుస ధమని, పుపుస సిర దగ్గర కూడా అంతే. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని చిన్న తరగతుల్లో నేర్చుకున్న మాట ఇక్కడ ఎదురుతిరుగుతుంది. పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఉంటుంది, పుపుస సిరలో ఆక్సిజన్ నిండుగా ఉన్న రక్తం ఉంటుంది. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకి తెచ్చేది సిర అన్న నిర్వచనం పట్టుకుంటే తికమక ఉండదు. ఇంతకీ 'చెడు రక్తం' అనే మాటే వదిలేస్తే మంచిది, ఆ రక్తంలో చెడిపోయిందేమీ లేదు.

బొమ్మలో భాగాల పేర్లు రాయకపోతే దానికి విలువ సగమే. పెన్సిల్‌తో గీయండి, భాగాలకి గీతలు స్కేలుతో అడ్డంగా లాగండి, ఒక గీత మీదుగా ఇంకో గీత పోకూడదు, పేర్లన్నీ వీలైనంత వరకు ఒకే పక్కన ఒకదాని కింద ఒకటి ఉంటే చూడటానికి తేలిక. రంగులూ షేడింగులూ అక్కర్లేదు. డ్రాయింగ్ బాగా వచ్చిన పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు, పువ్వు నిలువుకోతని అందంగా తీర్చిదిద్దుతూ పావుగంట ఖర్చు పెట్టేసి ఆ తర్వాత పెద్ద ప్రశ్నకి టైం లేదంటారు. గుండె, నెఫ్రాన్, జీర్ణవ్యవస్థ, నాడీకణం, మెదడు, పువ్వు నిలువుకోత, కీలాగ్రం మీద పరాగరేణువు మొలకెత్తడం, ఇవి చేతికి అలవాటైపోవాలి. ఇంకా కొన్ని ఉన్నాయి గానీ ఇవి రాకుండా వాటి జోలికి పోవద్దు.

ప్రయోగాలని మాత్రం మన పిల్లలు మరీ అన్యాయంగా చదువుతారు. ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం అని శీర్షికలు పెట్టుకుని పద్యంలా అప్పజెబుతారు. చాలా బడుల్లో ప్రయోగం చేయించరు, ల్యాబ్ తాళం కూడా తీయరు, కాబట్టి తప్పంతా పిల్లలదే అనలేం. అయితే ప్రయోగం చేయకపోయినా అర్థం చేసుకునే దారి ఒకటుంది, ప్రతి మెట్టు దగ్గరా ఆగి 'ఎందుకు' అని అడగడం. ఆకులో పిండి పదార్థం ఉందని నిరూపించే ప్రయోగమే చూడండి. మొక్కని ముందు రెండు మూడు రోజులు చీకట్లో ఎందుకు పెట్టాలి? ఆకులో ఇదివరకే ఉన్న పిండి పదార్థం ఖర్చయిపోవాలి, లేకపోతే చివర్లో కనిపించేది ఇవాళ తయారైందో ముందునుంచీ ఉన్నదో చెప్పలేం. ఆకుని ఆల్కహాల్‌లో ఎందుకు మరిగించాలి? పత్రహరితం కరిగిపోయి ఆకు పాలిపోతేనే అయోడిన్ రంగు బయటపడుతుంది. మరి ఆల్కహాల్ గిన్నెని నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో ఎందుకు పెడతారు? ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. అయోడిన్ వేశాక నీలి నలుపు వస్తే ఏమిటి అర్థం, రాకపోతే ఏమిటి? పరీక్షలో అడిగేవి ఈ ప్రశ్నలే, విధానం మొత్తం రాయమని అడిగేది తక్కువ.

తెలంగాణ పుస్తకంలో ఉన్న మోల్ అర్ధపత్ర ప్రయోగం ఇంకా చక్కనిది. ఒకే ఆకులో సగం సీసా లోపల, సగం బయట, లోపల పొటాషియం హైడ్రాక్సైడ్. అది సీసాలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుంది, అందుకని లోపలి సగం నీలంగా మారదు, బయటి సగం మారుతుంది. రెండు సగాలకీ వెలుతురు ఒకటే, నీళ్లు ఒకటే, ఆకే ఒకటి, తేడా ఒక్క కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. అన్నీ సమానంగా ఉంచి ఒక్కదాన్ని మార్చి చూడటం అనే ఈ ఆలోచన పట్టుబడితే పుస్తకంలో లేని ప్రయోగం ఇచ్చినా రాయగలరు. మెడికల్ షాపులో టింక్చర్ అయోడిన్ దొరికితే ఇంట్లో అన్నం మెతుకు మీద, బంగాళదుంప ముక్క మీద ఒక్కో చుక్క వేసి చూడండి, దోసకాయ ముక్క మీద కూడా వేసి తేడా చూడండి. తర్వాత ఆ ముక్కలు పారేయడం మరచిపోకండి, ఎవరైనా తింటారు.

చాలామంది పట్టించుకోని ఇంకో రకం తప్పు ఉంది, మనకి తెలుసనుకున్న తప్పుడు విషయం. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి అని ఎంతమంది రాస్తారో! మొక్కలు పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటాయి. పగటిపూట కిరణజన్య సంయోగక్రియ జోరుగా సాగుతుంటే శ్వాసక్రియలో వచ్చిన కార్బన్ డయాక్సైడ్ అక్కడికక్కడే వాడుకైపోతుంది కాబట్టి మనకి తేడా తెలియదంతే. ఇలాంటివి ఎన్నిసార్లు చదివినా పోవు, ఎందుకంటే చదివేటప్పుడు కన్ను తనకి తెలిసినదాన్నే చూస్తుంది. రాసి, ఇంకొకరికి చూపించి, దిద్దించుకుంటేనే బయటపడతాయి.

అనువంశికత పాఠంలోనూ ఇదే గొడవ. 3:1 నిష్పత్తి అందరికీ వచ్చు. కానీ అదేమిటని అడిగితే, నలుగురు పిల్లలు పుడితే ముగ్గురు ఒకలా ఒకరు ఇంకోలా ఉంటారని చెప్పేవాళ్లున్నారు. మెండెల్ బఠాణీ మొక్కల పొడవు పొట్టి మీద చేసిన ప్రయోగంలో రెండో తరంలో 1064 మొక్కలు వచ్చాయి, అందులో పొడవువి 787, పొట్టివి 277. భాగిస్తే 2.84 వస్తుంది, కచ్చితంగా మూడు రాదు. అంటే 3:1 అనేది అవకాశాల లెక్క, మొక్కలు ఎక్కువయ్యేకొద్దీ దానికి దగ్గరవుతుంది, నాలుగు మొక్కల్లో అలాగే రావాలని ఏమీ లేదు. ఈ పాఠంలో గళ్ల పట్టిక గీయడం నేర్చుకోండి, దృశ్యరూపం (పైకి కనిపించేది) 3:1, జన్యురూపం (లోపలి జన్యువుల జత) 1:2:1 ఎలా వచ్చాయో అదే చెబుతుంది, బట్టీ అక్కర్లేదు. లింగ నిర్ధారణ కూడా ఆ పట్టికతోనే రాయొచ్చు. తల్లి దగ్గర రెండూ ఎక్స్ క్రోమోజోములే, ఎక్స్ ఇవ్వాలా వై ఇవ్వాలా అన్నది తండ్రి వీర్యకణం మీద ఉంటుంది. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని సాధించే అత్తగారికి నువ్వు ఎలా వివరిస్తావు అనే ధోరణి ప్రశ్న కనిపిస్తే ఉపన్యాసం రాయకండి, ఆ పట్టిక గీసి చూపించండి.

ఈ 'నువ్వు ఎలా వివరిస్తావు' తరహా ప్రశ్నల గురించి కాస్త చెప్పాలి, మన రెండు రాష్ట్రాల పేపర్లకి ఇవి బాగా అలవాటు. విద్యా ప్రమాణాల పేరుతో ప్రశ్నల్ని రకరకాలుగా విడగొడతారు: విషయావగాహన, ప్రశ్నించడం, ప్రయోగాలు, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు, అభినందన, నిజజీవిత వినియోగం. 'మూత్రపిండాల డాక్టరు మీ బడికి వస్తే ఏ ప్రశ్నలు అడుగుతావు?' అన్నది ఒకటి. పిల్లలు ఇది ఉత్తపుణ్యానికి వచ్చే మార్కులనుకుని 'కిడ్నీ ఎందుకు పాడవుతుంది, ఎలా బాగుచేస్తారు' అని రెండు ముక్కలు రాసేస్తారు. పాఠం తెలిసినవాడు అడిగే ప్రశ్నలా ఉండాలి అది. రక్తంలో యూరియా ఎంతకి పెరిగితే డయాలసిస్ అవసరమవుతుంది, ఒక్క మూత్రపిండంతో మనిషి ఎలా బతకగలడు, మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం ఎందుకు తిరస్కరిస్తుంది, ఇలా. 'గుండె పనితీరుని ఎలా అభినందిస్తావు?' అన్నదీ అంతే. ఆహా ఎంత అద్భుతం, దేవుడి సృష్టి ఎంత గొప్పది అని నింపితే మార్కులు రావు. నిమిషానికి సుమారు 72 సార్లు, ఒక్కో స్పందన సుమారు 0.8 సెకన్లలో, నిద్రలో కూడా ఆగకుండా కొట్టుకునే కండరం, రెండు రకాల రక్తాన్నీ కలవనివ్వని గోడ, వెనక్కి పోనివ్వని కవాటాలు, ఇవి రాస్తే అదే అభినందన. నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న పెట్టిన తీరు నాకంత నచ్చదు, అభినందనని కొలిచి మార్కులెలా వేస్తారు? అయినా పేపర్లో ఉన్నప్పుడు రాయక తప్పదు.

పట్టిక ఇచ్చి ప్రశ్నలడిగేవాటికి పెద్దగా చదవాల్సింది లేదు. పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం, వదిలే గాలిలో సుమారు 16 శాతం అని పట్టికలో ఉంటే, వదిలే గాలిలో ఆక్సిజన్ అసలు ఉండదన్న అపోహ దానంతటదే పోతుంది. పట్టికని చూసి రాయడమే, కంగారు పడకుండా.

తేడాల ప్రశ్నల్లో ఒక చిన్న కిటుకు. ధమనికీ సిరకీ తేడాలు రాసేటప్పుడు ఎడమ గడిలో గోడ మందం గురించి, కుడి గడిలో కవాటాల గురించి రాస్తే అది తేడా కాదు. ఒక వరసలో రెండు పక్కలా ఒకే అంశం ఉండాలి.

అందరూ దాటేసే పాఠం ప్రత్యుత్పత్తి. క్లాసులో టీచర్లు 'ఇది మీరు ఇంట్లో చదువుకోండి' అంటారు, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగా పిల్లలు ఆ పేజీ తెరవరు. చివరికి పరీక్షలో మాత్రం అది మిగతా పాఠాలంత మామూలుగానే వస్తుంది. పురుష, స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థలు, కుటుంబ నియంత్రణ పద్ధతులు, లైంగికంగా సోకే వ్యాధులు, వీటి మీద సూటిగా రాయగల ప్రశ్నలే ఉంటాయి, సిగ్గు పక్కన పెడితే సిలబస్ మొత్తంలో తేలికైన మార్కులివే కావచ్చు. స్నేహితులతో కలిసి చదివితే మొదటి పది నిమిషాల నవ్వులయ్యాక మామూలు పాఠమైపోతుంది.

ఇక ఎప్పుడు ఏది చదవాలన్న విషయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలొచ్చాయి, అందులో పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన అన్నీ కలిపి 'జీవక్రియలు' అనే ఒకే పెద్ద పాఠం. తెలంగాణలో ఇవి విడివిడి పాఠాలు. అక్క వాడిన పాత గైడు ఇంట్లో ఉంది కదా అని దాన్నే పట్టుకుంటే ఉన్న పాఠం లేకుండా, లేని పాఠం ఉండి ఇబ్బందవుతుంది, ముందు అది సరిచూసుకోండి. ఏపీ పిల్లలు ఆ పెద్ద పాఠాన్ని నాలుగు ముక్కలుగా విడగొట్టుకోవడం మంచిది, ఒకే పాఠమని ఒకే రోజు కేటాయిస్తే చివరి ముక్క విసర్జన ఎప్పుడూ నలిగిపోతుంది.

ఒక ముక్క ఇవాళ చదివి కాగితం మీద రాశారనుకోండి, ఎల్లుండి పుస్తకం తెరవకుండా మళ్లీ రాయండి, వారం తర్వాత ఇంకోసారి, నెల తర్వాత ఇంకోసారి. రెండోసారికి పావుగంట, మూడోసారికి పది నిమిషాలు పడుతుంది, అంతకంటే ఎక్కువ కాదు. మధ్యలో కొంచెం మరిచిపోవడం అవసరం కూడా, మరిచిపోయినదాన్ని వెతికి పట్టుకున్నప్పుడే అది గట్టిగా నిలుస్తుంది. ఒకే రోజు ఐదు గంటలు కూర్చోవడం కంటే ఇలా విడగొట్టిన ఐదు గంటలు ఎక్కువ పనిచేస్తాయి. పాఠాలు కూడా కలిపి రాసుకోండి, ఒక ప్రశ్న నాడీవ్యవస్థ నుంచి, ఇంకోటి అనువంశికత నుంచి, ఎందుకంటే పేపర్లో పాఠం పేరు పైన రాసి ఇవ్వరు.

రెండు భాషలూ పక్కపక్కన అచ్చేసిన పుస్తకాలు ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నాయి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు తెలుగు పేజీలో విషయం అర్థం చేసుకుని ఇంగ్లిష్‌లో రాస్తామంటే అందులో తప్పేమీ లేదు, చాలామందికి అదే తేలిక దారి. కాకపోతే కాగితం మీద సాధన మాత్రం పరీక్ష రాసే భాషలోనే జరగాలి, స్పెల్లింగులు అప్పుడే పడతాయి.

పరీక్ష ముందు రాత్రి కొత్త పాఠం మొదలుపెట్టకండి. ఎర్ర పెన్ను కాగితాలు తిరగేసి, నాలుగు బొమ్మలు గీసి పడుకోండి, నిద్ర తగ్గితే గుర్తున్నది కూడా సమయానికి అందదు. రాత్రంతా మేలుకుని చదివిన పిల్లాణ్ణి మెచ్చుకునే పెద్దవాళ్లు ఆ మెచ్చుకోలు మానుకుంటే మంచిది.

హాల్లో పేపర్ రాగానే పెద్ద ప్రశ్నల్లో ఏది రాస్తారో ఎంచుకుని టిక్కు పెట్టుకోండి, ఛాయిస్ ఉన్నచోట రెండూ సగం సగం రాసేవాళ్లున్నారు, అది శుద్ధ దండగ. ఒక మార్కు ప్రశ్నకి అరపేజీ రాయకండి. వివరించమన్న పెద్ద ప్రశ్నకి బొమ్మ అడగకపోయినా, చిన్నది, పేర్లు పెట్టినది ఒకటి గీస్తే రెండు పేరాల పని అదే చేస్తుంది. రానిది వస్తే తెలిసినంత రాసి ముందుకెళ్లండి, మధ్యలో ఇంకేదో రాస్తుండగా అది గుర్తొస్తుంది, దానికోసం కింద నాలుగు లైన్లు వదలండి. చివరి ఐదు నిమిషాలు ప్రశ్నల నంబర్లు సరిగ్గా వేశారో లేదో, బొమ్మల్లో గీత లాగి పేరు రాయకుండా వదిలేసినవేమైనా ఉన్నాయో చూసుకోండి.